అన్న తెచ్చిన ఫోన్

ఆ ఫోన్ ఇప్పుడు నా బీరువాలో కింది అరలో ఉంది. నల్లటి పెట్టె, దాని మీద రిసీవరు, రెండింటినీ కలిపే మెలికల తీగ, పక్కన జానెడు యాంటెన్నా. ఒక చేత్తో కాసేపు పట్టుకుంటే మణికట్టు గుంజుతుంది. సౌదీలో మా అన్న నడిపిన బండిలో ఇది ఎనిమిదేళ్లు ఉంది. మా ఊరికి వచ్చాక ఒక్కసారి కూడా మోగలేదు. మోగదని నాకు అన్న కంటే రెండు నెలలు ముందు తెలుసు. ఆ రెండు నెలల గురించి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

మాది ఆత్మకూరు దగ్గర ఒక ఊరు. కృష్ణ దగ్గరే గానీ మా చేనుకు ఆ నీళ్లు ఎక్కవు. వాన పడితే పల్లికాయ, పడకపోతే ఏమీ లేదు. నాయిన పోయినప్పుడు అన్నకు పద్దెనిమిదేళ్లు. చదువు మానేసి లారీ మీదికి క్లీనరుగా ఎక్కి, ఐదేళ్లకు డ్రైవరుగా దిగాడు. నన్ను మాత్రం మాననివ్వలేదు. ఎనభైల చివర ఒకే ఏడాదిలో నాకు మహబూబ్‌నగర్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది, ఆయనకు సౌదీ వీసా వచ్చింది.

మా వైపు నుంచి పోయినవాళ్లు ఉత్తరాలు తక్కువ రాసేవారు. మాటలు క్యాసెట్లలో ఎక్కించి పంపేవారు. అక్కడి నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు తోటివాళ్ల క్యాసెట్లు సంచీలో వేసుకొచ్చి ఊరూరా ఇచ్చి పోయేవారు. సెలవును వాళ్లు చుట్టీ అనేవారు, మాకూ అదే అలవాటైంది. అన్న మొదటి చుట్టీకి వచ్చినప్పుడు ఒక టేప్‌రికార్డర్ తెచ్చాడు. ఆయన మాటలు దాంట్లోనే వినేవాళ్లం, మా జవాబు దాంట్లోనే ఎక్కించేవాళ్లం.

అమ్మ టేపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. "తిన్నవా బిడ్డా?" అని అడిగి ఆగేది.

"ఆగకమ్మా, అది జవాబు చెప్పదు. నువ్వు చెప్పుకుంట పో" అనేవాడిని నేను.

"అది చెప్పకుంటే వాడు చెప్తడు గదరా. జర చెప్పనియ్యి."

అలా ప్రతి ప్రశ్న తర్వాతా కొంత ఖాళీ టేపు తిరిగేది. ఆ ఖాళీలో మా కోళ్లూ, పక్కింటి రోకలి చప్పుడూ పడేవి. చాలా ఏళ్ల తర్వాత అన్న చెప్పాడు. అక్కడ గదిలో ఆ క్యాసెట్ పెట్టినప్పుడు అమ్మ ఆగిన చోటల్లా ఆయన జవాబు చెప్పేవాడట. "తిన్ననే." "మంచిగున్ననే." గదిలో ఉన్న మిగతావాళ్లు మొదట్లో నవ్వారట. తర్వాత వాళ్లు కూడా చెప్పడం మొదలుపెట్టారట.

తొంభైల మధ్యలో అమ్మ పోయింది. ఆత్మకూరు ఎస్టీడీ బూతులో లైను వానకు చచ్చిపోయి ఉంది. నేను మహబూబ్‌నగర్ వచ్చి అన్న కంపెనీకి ఫోన్ చేశాను. ఎవరో అరబ్బీలో ఏదో చెప్పి పెట్టేశారు. మళ్లీ చేశాను, మళ్లీ పెట్టేశారు. అన్న బండి తీసుకుని ఎక్కడికో పోయి ఉన్నాడు. ఆయనకు సంగతి తెలిసేసరికి ఇక్కడ దినాలు కూడా అయిపోయాయి. ఆయన బండిలో అప్పుడు ఈ ఫోనే ఉంది. కంపెనీ మాటలకు తప్ప వాడకూడదు కాబట్టి దాని నంబరు ఆయన మాకెప్పుడూ ఇవ్వలేదు.

ఆ తర్వాత మూడేళ్లకు చుట్టీకి వచ్చాడు. డిసెంబరు నెల. ఆరు నెలల చుట్టీ. జూన్ మొదటి వారంలోపు తిరిగి అక్కడ అడుగు పెట్టకపోతే వీసా చెల్లదు.

సౌదీ నుంచి వచ్చిన మనిషి కార్టన్ డబ్బా విప్పడం మా ఊళ్లో ఒక పద్ధతి ప్రకారం జరిగేది. వచ్చిన రోజు విప్పరు. మర్నాడు పొద్దున చాయ్ అయ్యాక, దగ్గరివాళ్లంతా వచ్చి కూర్చున్నాక విప్పుతారు. నాకేం తెచ్చావని ఎవరూ అడగరు. తాడు కోయరు, ముడి విప్పుతారు, ఆ తాడు ఇంట్లో పదేళ్లు పనికొస్తుంది. ఆ రోజు వదిన ముళ్లు విప్పింది. రెండు కంబళ్లు వచ్చాయి. సబ్బులు, అత్తరు సీసాలు, టార్చి, తలనొప్పి బామ్ డబ్బాలు వచ్చాయి. మూడో కంబడి ముడుచుకుని బరువుగా ఉంది. దాంట్లో ఈ ఫోన్ ఉంది.

పక్కింటి ముసలాయన, మేం పెదబాపు అని పిలిచేవాళ్లం, ముందుకు వంగి చూశాడు.

"గింత పెద్ద ట్రాన్సిస్టర్ తెచ్చినవేందిరా? వార్తలు తెలుగుల వస్తయా, అరబ్బీల వస్తయా?"

"ఫోన్ పెదబాపు. తీగ లేని ఫోన్."

పెదబాపు మెలికల తీగ పట్టుకుని పైకెత్తాడు. "మరి గిదేంది? మొలతాడా?"

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. "గది దానికీ దీనికీ నడుమ. స్తంభానికి పొయ్యే తీగ లేదంటున్న."

"స్తంభానికి తీగ ఉన్న ఫోనే మోగుతలేదు నాయినా, గిది మోగుతదా?"

"నేను పుస్తెలు చేపిస్తడనుకుంటే బాట్రీ తెచ్చిండు" అంది వదిన, కంబడి మడత పెడుతూ. ఆమె గొంతులో కోపం లేదు.

అన్న కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. నన్ను చిన్న బాపు అనేది, సొంత తండ్రిని సౌదీ బాపు అనేది. ఆమె దగ్గరకు వచ్చి యాంటెన్నా ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఫోన్ సంగతి అన్న నాకు వివరంగా చెప్పాడు. సౌదీలో కొత్త రకం ఫోన్లు వచ్చాయి, జేబులో పట్టేవి. కంపెనీ బండ్లలో పాతవన్నీ పీకేసి స్టోరులో కుప్ప పోసింది. కావలసినవాళ్లు తీసుకుపొమ్మన్నారు. చాలామంది నవ్వి వదిలేశారు. అన్న తన బండిలోదే వెతికి తీసుకున్నాడు. రిసీవరు అంచు మీద తన బ్రేస్‌లెట్ గీరిన గుర్తు ఉంది, దాన్ని బట్టి పోల్చుకున్నాడు.

ఆయన లెక్క ఇది. మహబూబ్‌నగర్‌లో టవరు పెడుతున్నారని పేపర్లో వచ్చింది. తర్వాత ఆత్మకూరు వైపూ వస్తుంది. ఒక పాత జీపు తీసుకుని ఫోన్ దాంట్లో బిగిస్తాడు. పల్లికాయ సీజనులో మార్కెట్ యార్డు ముందర, మామూలు రోజుల్లో ఊరూరా. బూతు దాకా జనం నడిచి రావడం కాదు, బూతే జనం దగ్గరకు పోతుంది. సౌదీ నుంచి, బొంబాయి నుంచి ఇంటివాళ్లకు ఫోన్ వస్తే, ఆ ఇంటి ముందరికే జీపు తీసుకుపోయి మాట్లాడిస్తాడు.

"ఎవరికన్న జరగరానిది జరిగితే దినాలు అయినంక తెలుసుడు ఉండది" అన్నాడు. అమ్మ పేరెత్తలేదు.

ఇది నడిస్తే ఆయన తిరిగి పోడు. నడవకపోతే జూన్‌లో పోవాలి. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు పోకూడదనుకుంటున్నాడో నాకు ఒక్కడికే చెప్పాడు. ఇద్దరం చేను గట్టు మీద కూర్చుని ఉన్నాం.

"ఆ రోడ్డు మీద నిద్రొస్తది తమ్మీ. వంపు ఉండది, చెట్టు ఉండది, ఎదురుంగ ఓ మనిషి ఉండడు. నాలుగు వందల కిలోమీటర్లు ఒక్కటే గీత. పోయిన యేడు రెండుసార్లు కండ్లు మూతపడ్డయి. ఇసుకల దిగినంక తెలివొచ్చింది."

"వదినకు చెప్పినవా?"

"చెప్తే ఆమె నిద్ర కూడ పోతది."

ఫోన్ ఇక్కడ పని చేస్తుందనడానికి ఆయన దగ్గర గట్టి రుజువు ఉండేది. అక్కడి టేప్‌రికార్డర్ ఇక్కడ పాడింది. అక్కడి రేడియోలో ముల్లు తిప్పితే హైదరాబాదు స్టేషన్ వచ్చింది. అక్కడ ఎక్కించిన గొంతు ఇక్కడ వినిపించింది. అక్కడి టార్చిలో ఇక్కడి సెల్లు పట్టింది. అలాంటప్పుడు ఫోన్ ఒక్కటే ఎందుకు పట్టదు? మా ఊళ్లో సౌదీ సామాను మీద అందరిదీ ఇదే నమ్మకం. అక్కడి వస్తువు ఇక్కడిదాని కంటే మంచిదే అయి ఉంటుంది, కాబట్టి ఇక్కడ ఇంకా బాగా పని చేస్తుంది.

సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి ఫోన్‌కు కలిపాడు. అంకెల మీద పచ్చటి వెలుతురు వచ్చింది. కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా "ఆ" అన్నారు. అన్న ఏదో బొత్తాం నొక్కితే పీప్ అంది. ఆ వెంటనే పైన చిన్న ఎర్ర లైటు వెలిగింది, వెలిగే ఉంది.

"ఎర్రదెందుకు?" అంది వదిన.

"టవర్ దొరుకుతలేదు అన్నట్టు. అక్కడ కూడ ఊరి బయటికి పోతే గిట్లనే వెలుగుతుండె. టవరొస్తే ఆరిపోతది."

ఆయన చెప్పింది నిజమే. ఆ లైటుకు అర్థం అదే.

ఫోన్‌తో పాటు ఒక చిన్న పుస్తకం ఉంది. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. అన్న అది నాకు ఇచ్చాడు.

"నువ్వు చదివినోనివి. మొత్తం చదువు. ఇక్కడ పెట్టుకోవాలంటే ఏమేం మార్చాల్నో చూడు."

మహబూబ్‌నగర్‌లో నా కిరాయి గదికి తీసుకుపోయి చదివాను. చాలా వరకు అర్థం కాలేదు. చివరి పేజీలో ఒక పట్టిక ఉంది. అందులో ఈ ఫోన్ ఏ తరంగాల మీద మాట్లాడుతుందో రాసి ఉంది. నాలుగు వందల యాభై అనే అంకె గుర్తుంది. అప్పటికి ఆ అంకె నాకేమీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఆదివారం పేపరు అనుబంధంలో సెల్‌ఫోన్ల మీద ఒక వ్యాసం వచ్చింది. స్టాఫ్ రూములో చదివాను. మన దగ్గరి టవర్లు తొమ్మిది వందల దగ్గర పని చేస్తాయని ఉంది. పాత రకం ఫోన్లు గొంతును గొంతుగానే గాల్లోకి పంపుతాయి, కొత్తవి దాన్ని అంకెలుగా మార్చి పంపుతాయి, ఒకదాని మాట ఇంకొకదానికి తెలియదు అని ఉంది. కొన్ని దేశాల్లో పాత రకం సేవను నెమ్మదిగా మూసేస్తున్నారని, మన దేశం నేరుగా కొత్త పద్ధతితోనే మొదలుపెట్టిందని, అందువల్ల అక్కడి పాత ఫోన్లు తెచ్చుకున్నా ఇక్కడ పనికి రావని చివర్లో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. సందేహపడటానికి ఏమీ లేదు.

పేపరులో ఆ ముక్క కత్తిరించి ఫోన్ పుస్తకంలో పట్టిక ఉన్న పేజీలో పెట్టాను. శనివారం ఊరికి పోయినప్పుడు అన్నకు చదివి వినిపించాలని.

శనివారం పోయాను. ఇంటి ముందు అన్న, కూతురు కూర్చుని ఉన్నారు. ఆయన పాత అట్టముక్క మీద జీపు బొమ్మ గీస్తున్నాడు. యాంటెన్నా ఎక్కడ పెట్టాలో కూతురిని అడుగుతున్నాడు. ఆమె "ఈడ పెట్టు బాపు" అంటోంది. సౌదీ అనే మాట ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. పుస్తకం అన్న చేతికిచ్చాను. ఆయన దాన్ని ఫోన్ పక్కన పెట్టాడు. నేను ఏమీ చెప్పలేదు. ఆదివారం సాయంత్రం బస్సెక్కాను.

అంతకు ముందు మా మధ్య ఇలాంటిది చాలాసార్లు జరిగింది. అన్న ఏదో చెప్పేవాడు, నేను పుస్తకంలో చదివింది చెప్పి దిద్దేవాడిని. ఆయన "సరే సారూ" అనేవాడు. ఆయన డబ్బుతోనే చదివి ఆయనను దిద్దడం నాకు ఎప్పుడూ బాగుండలేదు. ఈ ఒక్కసారి దిద్దవద్దనుకున్నాను. దీన్ని కారణంగా రాస్తున్నాను, సాకుగా కాదు. రెండింటికీ తేడా ఉందో లేదో నాకు తెలియదు.

మార్చిలో ఒక ఉద్యోగం వచ్చింది. మహబూబ్‌నగర్‌లో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు కాలేజీకి బస్సు డ్రైవరు కావాలి. నాతో పని చేసే టీచరు బంధువుదే ఆ కాలేజీ. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, రోజూ ఇల్లు చేరొచ్చు. ఉగాదిలోపు మాట చెప్పమన్నారు.

అన్నకు చెప్పాను.

"ఏప్రిల్ ఆఖర్ల టవర్ షురూ అయితదంటున్నరు. జర ఆగమంటే ఆగుతరా?"

"ఆగరు అన్నా. ఇద్దరు ముగ్గురు అడుగుతున్నరు."

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. అప్పుడు కూడా చేను గట్టు మీదే ఉన్నాం. ఆయన ముఖంలో ఆత్రుత ఏమీ లేదు, దారి అడుగుతున్నట్టు అడిగాడు.

"పుస్తకం చదివినవు గద. గా ఫోన్ పని చేస్తదా? చేస్తదంటే కాలేజీ వద్దంట. చెయ్యదంటే రేపే వస్త."

"టవర్ వచ్చినంక చూద్దాం అన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. కాలేజీకి వద్దని నేనే పోయి చెప్పాను. వాళ్లు ఆ రోజే వేరే మనిషిని పెట్టుకున్నారు.

ఏప్రిల్ చివర మహబూబ్‌నగర్‌లో టవరు మొదలైంది. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కంపెనీ వాళ్ల కౌంటరు పెట్టారు, బయట రంగు కాగితాలు కట్టారు. అన్న తెల్లచొక్కా వేసుకుని, ఫోన్‌ను ఆ కంబట్లోనే చుట్టుకుని వచ్చాడు. నేను గది నుంచి నేరుగా అక్కడికి పోయాను.

కౌంటరులో టై కట్టుకున్న కుర్రవాడు ఉన్నాడు. అన్న కంబడి విప్పి ఫోన్ బల్ల మీద పెట్టాడు. కుర్రవాడు దాన్ని చూసి, అన్నను చూసి, మళ్లీ ఫోన్‌ను చూశాడు.

"ఇది ఏంటి సార్?"

"ఫోన్. దీనికి నంబరు ఇయ్యాలె."

కుర్రవాడు ఫోన్‌ను తిరగేశాడు. పక్కలు చూశాడు. "సిమ్ ఎక్కడ పెడతారు సార్ దీంట్లో?"

"సిమ్ అంటే?"

కుర్రవాడు సొరుగులోంచి వేలి గోరంత చిప్పు ఉన్న కార్డు తీసి చూపించాడు. "ఇది సార్. ఇది ఉంటేనే నంబరు." అన్న ఆ కార్డు తీసుకుని, ఫోన్‌ను రెండు చేతులతో తిప్పుతూ సందు కోసం వెతికాడు. బ్యాటరీ మూత తీసి చూశాడు. అక్కడ కూడా లేదు. కార్డు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిదేండ్లు మాట్లాడిన దీంట్ల" అన్నాడు.

"మాట్లాడి ఉంటారు సార్. ఇది పాత సిస్టమ్. మన దగ్గర అసలు లేనే లేదు. అక్కడ కూడా తీసేస్తున్నారు కదా సార్."

"బిల్లు కట్టుమంటే కడత బాబూ."

"బిల్లు సంగతి కాదు సార్." కుర్రవాడు నా వైపు చూశాడు, చదువుకున్నవాడిలా ఉన్నాను కాబట్టి. "మీరు చెప్పండి సార్. ఈ రెండూ కలవవు."

బల్ల అంచును చూస్తూ నిలబడ్డాను. అన్న ఫోన్‌ను కంబట్లో చుట్టాడు.

బయటికి వచ్చాక గడియార స్తంభం దగ్గర రేడియోలు బాగు చేసే ముసలి సాయబు దగ్గరకు పోదామన్నాడు. మా టేప్‌రికార్డర్‌ను రెండుసార్లు బతికించింది ఆయనే. ఆయన అద్దం కంటికి పెట్టుకుని, మరలు విప్పి లోపల చాలాసేపు చూశాడు.

"మస్తు మాల్ ఉంది బేటా. గిసువంటి పని ఇప్పుడు చేస్తలేరు."

"ముల్లు మార్చరాదా చాచా? రేడియోకు మార్చినట్టు?"

"రేడియో అయితే వింటది అంతే బేటా. ఎవరు పాడినా వింటది. గిది గట్ల కాదు. ముందుగాల ఇది టవర్ను అడుగుతది, నేను ఫలానా, మాట్లాడనిస్తవా అని. దీని పేరు ఉన్నది సౌదీ రిజిస్టర్ల. గీడ దీన్ని గుర్తు పట్టేటోడు ఎవరున్నరు?" మరలు మళ్లీ ఒక్కొక్కటే బిగించాడు. పని చెయ్యలేదు కదా అని ఏమీ తీసుకోలేదు. "ఫికర్ చెయ్యకు. దాచిపెట్టు. మంచి సామాను" అన్నాడు.

బస్సులో అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. కంబడి ఒళ్లో ఉంది. దేవరకద్ర దాటాక "కాలేజోళ్లు మల్ల అడిగితే?" అన్నాడు.

"మనిషి దొరికిండు అన్నా."

"అవు. నువ్వు చెప్పినవు గద."

మే నెలంతా ఆయన రెండు మూడు చోట్ల పని అడిగాడు. ఆ ఏడు యార్డులో లారీలే పని లేక నిలబడి ఉన్నాయి. ఇంట్లో జీపు గీసిన అట్టముక్క కొన్నాళ్లు గోడకు ఉంది, తర్వాత లేదు. వదిన ఫోన్‌ను మళ్లీ కార్టన్‌లో సర్దింది.

జూన్ మొదటి వారంలో పోయాడు. హైదరాబాదు బస్సు ఎక్కించడానికి మహబూబ్‌నగర్ బస్టాండుకు నేను వచ్చాను. వదిన, పిల్ల ఊళ్లోనే ఆగిపోయారు. బస్సు కదలడానికి టైముంది. ఇద్దరం చాయ్ తాగాం. ఆయన గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"తమ్మీ, గా పుస్తకం నువ్వు మొత్తం చదివినవా?"

"చదివిన."

"దాంట్ల ఏమన్న ఉండెనా?"

"ఏం లేకుండె అన్నా."

"సరే." చొక్కా జేబులో పాస్‌పోర్టు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. "పిల్ల లెక్కలు జర చూస్తుండు. నీ తీరు కాదు, నా తీరే ఉన్నది." బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను గదికి తిరిగి పోయాను.

జనవరిలో ఫోన్ వచ్చింది. మా స్కూలు ఫోన్‌కు వచ్చింది. ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే అటెండరు వచ్చి పిలిచాడు. అన్నతో ఒకే గదిలో ఉండే మోత్కూరు మనిషి మాట్లాడాడు. లైను చాలా స్పష్టంగా ఉంది, పక్క గదిలోంచి మాట్లాడినట్టు. బండి రోడ్డు దిగిపోయిందని, ఎదురుగా ఏ బండీ రాలేదని, మధ్యాహ్నం వేళ అని చెప్పాడు. "బ్రేకు గుర్తు కూడ లేదన్నా రోడ్డు మీద" అన్నాడు. నేను సరేనన్నాను. కంపెనీ పేరు, ఆస్పత్రి పేరు కాగితం మీద రాసుకున్నాను. తరగతికి తిరిగి పోయి మిగిలిన పాఠం చెప్పాను. ఆ సంగతి తర్వాత పిల్లలు చెప్పారు, నాకు గుర్తు లేదు.

శవం రావడానికి నెల దాటింది. కాగితాల కోసం నేను హైదరాబాదుకు చాలాసార్లు తిరిగాను. ప్రతి ఆఫీసులో ఏమైందని అడిగితే చెప్పాను. అన్నిసార్లు చెప్పాక మాటలు ఒకే వరుసలో రావడం మొదలైంది. ఏడుపు రాలేదు. వస్తుందేమో అని చూశాను. రాలేదు.

ఆ ఆగస్టులో ఒక ఆదివారం ఊరికి పోయాను. పిల్లకు లెక్కలు చెప్పడానికి ప్రతి వారం పోతూనే ఉన్నాను. ఆ రోజు పిల్ల పక్కింటికి పోయింది. వదిన చాటలో బియ్యం ఏరుతోంది. నేను చెప్పాను. ఫిబ్రవరిలో వ్యాసం చదివిన సంగతి, పేపరు ముక్క సంగతి, ఉగాదికి ముందు గట్టు మీద అన్న అడిగిన సంగతి, నేను అన్న మాట. అన్నీ వరుసగా చెప్పాను.

వదిన చేతులు ఆగలేదు. రెండు రాళ్లు తీసి పక్కన వేసింది.

"ఆయనకు ఎర్కే" అంది.

నాకు అర్థం కాలేదు.

"డబ్బాల సర్దేటప్పుడు పుస్తకంలకెల్లి పేపర్ తునక పడ్డది. నేనే చదివిన. పైన ఫిబ్రవరి తారీఖు కూడ ఉండె. ఆయనకు చూపిచ్చిన."

"ఎప్పుడు?"

"పొయ్యే ముందల. ఎనిమిది దినాల ముందల."

అంటే బస్టాండులో చాయ్ తాగే వేళకు ఆయనకు తెలుసు. పుస్తకంలో ఏమన్నా ఉందా అని తెలిసే అడిగాడు.

"ఏమన్నడు?" అన్నాను.

వదిన చాట చెరిగింది. పొట్టు ఎగిరి గచ్చు మీద పడింది. "ఏమంటడు. 'వానికి చెప్పరాలేదు' అన్నడు. నాకు కోపమొచ్చింది. నేను అడుగుతా అన్న. వద్దన్నడు. 'వాడే చెప్తడు, జర చెప్పనియ్యి' అన్నడు."

ఆమె లేచి బియ్యం లోపల పోసి వచ్చింది. వచ్చేటప్పుడు కార్టన్ కూడా తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద అన్న పెద్ద అక్షరాలతో రాసుకున్న పేరు, ఊరు, జిల్లా ఇంకా చెరగలేదు.

"ఇది తీస్కపో. పిల్ల దాన్ని ఊకె బయటికి తీసి నెంబర్లు నొక్కుతున్నది. నాతోని చూసుడు అయితలేదు."

సాయంత్రం బస్సుకు తెచ్చుకున్నాను. కార్టన్ అడుగు చిరిగి ఉంది కాబట్టి ఫోన్‌ను బయటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు దాన్ని చూసి ఆగాడు.

"ఏంది సార్ గిది? ఫోనా?"

"అవును."

"గింత పెద్దదా? పని చేస్తదా?"

"చెయ్యదు" అన్నాను.

ఆయన టికెట్టు చింపి ఇచ్చి వెనక సీటుకు పోయాడు.